కణితి గ్రేడూ, 1.75 అనే గీతా

మెదడు కణితి ఎంత ముదిరిందో పర్‌ఫ్యూజన్ ఎమ్మారైతో చెప్పడం గురించి మనవాళ్లు రాసే చరిత్ర సాఫీగా సాగిపోతుంది. 1990ల్లో పద్ధతి పుట్టింది, 2003లో కొలబద్ద కుదిరింది, మిగిలిన పనిని గచ్చిబౌలి, మాదాపూర్‌లలో కృత్రిమ మేధ పూర్తిచేస్తుంది. నా పేచీ ఆ కొలబద్ద దగ్గరే.

తొలి ఘట్టంలో తగువేమీ లేదు. గాడోలినియం మందును సిరలోకి వేగంగా ఎక్కించి, అది మెదడు గుండా సాగే కొద్ది సెకన్లలో సిగ్నల్ ఎంత పడిపోయిందో చూస్తే రక్తం పాలు తెలుస్తుందని బోస్టన్‌లో బెలివో, రోజెన్‌ల బృందం చూపింది. గ్లయోమా అనే మెదడు కణితుల్లో ఆ పాలు గ్రేడ్‌తోపాటు పెరుగుతుందని 1994లో అరోనెన్ బృందం చెప్పింది. ముదిరిన కణితి కొత్త రక్తనాళాలను మొలిపించుకుంటుంది కనుక మాట సబబే.

2003లో న్యూయార్క్‌లో లా బృందం 160 మంది గ్లయోమా రోగులను పరిశీలించి గీత గీసింది. అవతలి వైపు మామూలు తెల్లపదార్థంతో పోలిస్తే కణితిలో రక్తం 1.75 రెట్లు దాటితే హైగ్రేడ్ అన్నమాట. ఆ గీత హైగ్రేడ్ కణితుల్లో 95 శాతాన్ని పట్టింది. అందరూ ఉదహరించేది ఇదే. లోగ్రేడ్‌లో సరిగా గుర్తించింది మాత్రం 57.5 శాతమే. అంటే 40 మందిలో 17 మందికి లేని ముదురుతనం అంటగట్టింది. ముదిరినదాన్ని వదిలేయకూడదన్న జాగ్రత్త అందులో ఉంది, అది న్యాయమే. కానీ ఆ 17ను మరిచి 95నే మోసుకు తిరిగాం.

మరుసటి ఏడాదే లెవ్ బృందం ఇంకో చిక్కు బయటపెట్టింది. ఆలిగోడెండ్రోగ్లయోమాల్లో సన్న రక్తనాళాలు సహజంగానే దట్టంగా ఉంటాయి. ఆ కణితులు ముదరకపోయినా రక్తం పాలును చూపే రంగుల పటంలో ఎర్రగా వెలుగుతాయి.

నా దృష్టిలో అసలు మలుపు 2006. బాక్సర్‌మన్, ష్మైండా, వైస్కాఫ్ 43 మందిలో ఒకే చిత్రాలను రెండు విధాలుగా లెక్కకట్టారు. మందు కారుడును సవరిస్తే రక్తం పాలుకు గ్రేడ్‌తో పొంతన కుదిరింది, సవరించకపోతే కుదరలేదు. కణితిలో రక్తనాళాల గోడలు చెడితే మందు బయటికి కారి సిగ్నల్‌ను పైకి లాగుతుంది, రక్తం తక్కువున్నట్టు లెక్క తేలుతుంది. అంటే అన్నిటికన్నా చెడ్డ కణితే నెమ్మదిగా ఉన్నట్టు కనిపించవచ్చు! ముందుగా కొంత మందు ఎక్కించారా, స్కానర్‌లో ఫ్లిప్ యాంగిల్ అనే అమరిక ఎంత పెట్టారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో సవరించారు అన్నవాటిని బట్టి అంకె మారుతుంది. ఆపైన రేడియాలజిస్టు చెయ్యి ఉంది: బాగా ఎర్రగా ఉన్నచోట చిన్న వలయం, అవతలి తెల్లపదార్థంలో ఇంకొకటి. మొదటి వలయం పక్కనున్న సిర మీదికి కాస్త జరిగినా నిష్పత్తి ఎగబాకుతుంది. ఒక యంత్రం మీద పుట్టిన 1.75ను ఇంకో యంత్రం మీద అలాగే వాడడం శాస్త్రం కాదు.

ఈలోగా గ్రేడే మారిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఐడీహెచ్ జన్యుమార్పును వర్గీకరణలోకి తెచ్చింది. 2021 నుంచి సూక్ష్మదర్శినిలో కొత్త రక్తనాళాలు, కణజాల మరణం కనిపించకపోయినా, ఐడీహెచ్ మార్పు లేని పెద్దవాళ్ల కణితిలో టెర్ట్ జన్యుమార్పు వంటి గుర్తులుంటే అది గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4. రక్తనాళాలను కొలిచే పరీక్ష ఇక్కడ ఒంటరిగా తీర్పు చెప్పలేదు. బయాప్సీ సూదిని ఎక్కడ దించాలో చూపడంలో దాని విలువ తగ్గలేదు.

గచ్చిబౌలి, మాదాపూర్ ఐటీ కారిడార్ మీద నా ఆశా, సందేహమూ రెండూ ఇక్కడే. కృత్రిమ మేధ నమూనాలకు పాఠశాలగా నిలిచిన బ్రాట్స్ పోటీ గ్లయోమా డేటాలో నాలుగు రకాల ఎమ్మారై చిత్రాలే ఉన్నాయి, పర్‌ఫ్యూజన్ లేదు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, పంజాగుట్ట నిమ్స్ కలిసి తెచ్చిన ఐపీడీ-బ్రెయిన్ డేటాసెట్‌లో 367 మంది రోగుల 547 స్లైడ్లున్నాయి. మంచి పని, మన రోగుల మీద జరిగిన పని. కానీ అవి కణజాలపు స్లైడ్లు. అలాంటి స్లైడ్ల పక్కన అదే రోగి పర్‌ఫ్యూజన్ ముడి చిత్రాలు, మందు మోతాదు, ఫ్లిప్ యాంగిల్, ఐడీహెచ్ ఫలితం చేరాలి. ఆ వివరాలేవీ లేకుండా రిపోర్టులో ‘2.4’ అని మాత్రమే రాస్తే, దాన్ని పట్టుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్లిన రోగికి అక్కడి డాక్టరు ఏ గీతతో పోల్చి చెబుతారు?