టికెట్టు లేని తెర

హైదరాబాద్‌లో పైసా ఇవ్వకుండా సినిమా చూసే అలవాటు రెండు తోవల్లో వచ్చింది. ఒకటి బస్తీ తోవ: పండగకో జాతరకో వీధిలో తెర కట్టి వేసే సినిమా. రెండోది సొసైటీ తోవ: ఫిల్మ్ క్లబ్బులు, విదేశీ సాంస్కృతిక కేంద్రాలు చిన్న హాళ్లలో వేసే సినిమా. రెండో దాన్ని చూసింది కొద్దిమందే అయినా దాని గురించి రాతలు ఉన్నాయి. మొదటి దాన్ని ఊరంతా చూసింది, రాసిపెట్టినవాళ్లు మాత్రం దాదాపు లేరు. థియేటర్‌లో ఆడిన సినిమాకు రోజువారీ కలెక్షన్ లెక్క ఉంటుంది, వినోదపు పన్ను కాగితం ఉంటుంది, వంద రోజుల పోస్టరు ఉంటుంది. టికెట్టు లేని సినిమాకు ఇవేవీ ఉండవు. అందుకే నగరంలో సినిమా చరిత్ర అనగానే థియేటర్ల పేర్లే గుర్తొస్తాయి. ఇది సరిదిద్దుకోవలసిన లోపం.

వీధి సినిమాకు ఆధారం 16 ఎం.ఎం. ప్రొజెక్టర్. థియేటర్లు వాడిన ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. అందులో పాతకాలపు నైట్రేట్ ఫిల్ము నిప్పురవ్వ పడితే భగ్గున మండేది కాబట్టి దాన్ని ఆడించే గదికి ఎన్నో కట్టుబాట్లు ఉండేవి. కొడాక్ కంపెనీ 1923లో తెచ్చిన 16 ఎం.ఎం. ఫిల్మును మొదటి నుంచీ తేలిగ్గా అంటుకోని పదార్థంతోనే చేశారు. ప్రొజెక్టర్‌ను ఒక మనిషి పెట్టెలా మోసుకుపోవచ్చు, ఇంట్లో వచ్చే కరెంటు చాలు. సినిమాను హాలు గోడల్లోంచి బయటికి తెచ్చింది ఈ చిన్న యంత్రమే.

దీన్ని పెద్ద ఎత్తున వాడుకున్నది ప్రభుత్వం. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ డాక్యుమెంటరీలు తీసేది. 1953లో మొదలైన క్షేత్ర ప్రచార విభాగం వాటిని వ్యాన్లలో వేసుకుని ఊళ్లకూ బస్తీలకూ తిప్పేది. రాష్ట్ర సమాచార శాఖ వ్యాన్లు కూడా అదే పని చేసేవి. పంచవర్ష ప్రణాళికలు, కుటుంబ నియంత్రణ, మశూచి టీకాలు ఇలా విషయం ఏదైనా, వ్యాను ఆగితే చాలు పిల్లలు చుట్టూ చేరేవారు.

బస్తీలు తమంతట తాము తెర కట్టుకున్న సందర్భాలు వేరు. వినాయక చవితి నవరాత్రులు, శ్రీరామనవమి పందిళ్లు, శివరాత్రి జాగారం వీటిలో ముఖ్యమైనవి. గల్లీ యువకులు ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసేవారు. ఆ డబ్బుతో ప్రొజెక్టర్, ఆపరేటర్, సినిమా పెట్టె కలిపి ఒక రాత్రికి అద్దెకు మాట్లాడుకునేవారు. చూసేవాడు టికెట్టు కొనడు గానీ సినిమా ఊరికే వచ్చింది కాదు. ఒక గల్లీ అంతా కలిసి కొన్న సినిమా అది, ఇచ్చినవాడూ ఇవ్వలేనివాడూ ఒకే చాప మీద కూర్చుని చూసిన సినిమా. నగరంలో ఉచిత ప్రదర్శనలన్నిటిలోకీ గొప్పది ఇదేనని చెప్పాలి.

రెండు వెదురు బొంగులు పాతో, ఎదురెదురు కరెంటు స్తంభాలకు తాళ్లు వేసో తెల్లగుడ్డ బిగించి కట్టేవారు. గాలికి ఎగరకుండా కింది అంచుకు ఇటుకలు వేలాడదీసేవారు. ముందు వరసలో పిల్లలు గోనెసంచుల మీద, వాళ్ల వెనక చాపల మీద ఆడవాళ్లు, అరుగుల మీద పెద్దవాళ్లు, చివర సైకిళ్లకు ఆనుకుని నిలబడ్డ మగవాళ్లు. బొమ్మ పడేలోపు బల్బు ఆర్పాలి, ఆ ఆర్పడం కోసమే పిల్లలు కాచుకుని ఉండేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు చోటు తెర వెనక. గుడ్డ పలచన కాబట్టి బొమ్మ అటువైపూ కనబడుతుంది, కాకపోతే తిరగబడి. టైటిళ్లలో అక్షరాలు అద్దంలో చూసినట్టుంటాయి. ఎడమచేత విల్లు పట్టిన రాముడు వెనకవైపు కూర్చున్నవాళ్లకు కుడిచేత విల్లు పట్టి కనిపిస్తాడు. దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

16 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 40 బొమ్మలు. సెకనుకు 24 బొమ్మల చొప్పున నిమిషానికి 36 అడుగులు నడుస్తుంది. అంటే 1600 అడుగుల పెద్ద రీలు 44 నిమిషాలు వస్తుంది. మూడు గంటల సినిమాకు నాలుగైదు రీళ్లు కావాలి. ప్రొజెక్టర్ ఒక్కటే కాబట్టి ప్రతి రీలు తర్వాతా బల్బు వెలిగేది. ఆపరేటర్ కొత్త రీలు ఎక్కించేంతలో మైకులో చందాదారుల పేర్లు, తప్పిపోయిన పిల్లల కబురు వినిపించేవి, పల్లీలవాడికి బేరం జరిగేది. థియేటర్‌లో ఇంటర్వెల్ ఒకటే, వీధిలో మూడో నాలుగో. మాయాబజార్, లవకుశ, భక్త ప్రహ్లాద వంటి పౌరాణికాలు పండగ పందిళ్లలో ఏళ్ల తరబడి తిరిగాయి. 1963లో తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రంగా వచ్చిన లవకుశను థియేటర్ ముఖం చూడని వృద్ధులెందరో ఇలాగే చూశారు.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. టీవీ ఉన్న ఇల్లే ఆదివారం సినిమా హాలయింది. 1980ల్లో వీసీఆర్ అద్దెకు దొరకడంతో పందిట్లో తెర పోయి బల్ల మీద కలర్ టీవీ, మూడు క్యాసెట్లు చేరాయి. 1990ల్లో కేబుల్ కనెక్షన్ ఇంటింటికీ వచ్చాక బస్తీ తెర దాదాపుగా చుట్టేశారు.

సొసైటీ తోవకు ఆద్యుడుగా శ్యామ్ బెనెగల్ పేరు చెప్పుకోవాలి. 1934లో తిరుమలగిరిలో పుట్టిన ఆయన నిజాం కాలేజీలో చదివే రోజుల్లోనే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని నెలకొల్పారు. ఆయన తొలి కథాచిత్రం అంకుర్ విడుదలైన 1974లోనే హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ కూడా పుట్టింది. అమీర్‌పేటలోని సారథి స్టూడియో ప్రివ్యూ థియేటర్ ఈ క్లబ్‌కు చిరకాలపు చిరునామా. సెన్సారు సర్టిఫికెట్ లేని విదేశీ చిత్రాలను సభ్యులకు మాత్రమే చూపించవచ్చన్న నిబంధన వల్ల ఇక్కడ సభ్యత్వం ఉండేది. ప్రింట్లు రాయబార కార్యాలయాల నుంచి, పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి వచ్చేవి. జర్మన్, ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రాలు మాత్రం తమ చిత్రాలను వచ్చినవాళ్లందరికీ ఉచితంగా చూపించాయి. బస్తీలో పది సార్లు చూసిన కథనే మళ్లీ చూస్తే, ఇక్కడ భాష తెలియని కథను ఇంగ్లిష్ అక్షరాలు చదువుకుంటూ చూసేవారు.

పిల్లల విషయంలో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం ఉంది. 1955లో ఏర్పడిన బాలల చలనచిత్ర సంస్థ జరిపిన అంతర్జాతీయ ఉత్సవానికి 1990ల నుంచి ఈ నగరమే వేదికగా ఉండేది. రెండేళ్లకోసారి, సాధారణంగా నవంబరు 14న మొదలై వారం పాటు సాగేది. బడుల నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చి పెద్ద థియేటర్లలో ఇరాన్, యూరప్ దేశాల సినిమాలు చూసేవారు. బహుమతి పేరు బంగారు ఏనుగు. 2017లో జరిగింది 20వ ఉత్సవం. తర్వాత 2022లో ఆ సంస్థనూ ఫిల్మ్స్ డివిజన్‌నూ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. సర్కారు బడి పిల్లలకు పరాయి దేశపు పిల్లల బతుకు చూపించిన తలుపు అది. దాన్ని మళ్లీ తెరవాలి. ఇంత పెద్ద ఎత్తున పిల్లలకు ఉచితంగా సినిమా చూపించిన సందర్భం మరొకటి 2022 ఆగస్టులో వచ్చింది. స్వాతంత్ర్య వజ్రోత్సవాల పేరిట తెలంగాణ అంతటా వందలాది తెరల మీద విద్యార్థులకు గాంధీ చిత్రాన్ని వేశారు.

రెండు తోవలూ కలిసిన చోట్లు ఇటీవలివి. 2010లో బంజారాహిల్స్‌లో ఒక పాత ఇంటిని లామకాన్ పేరుతో అందరికీ తెరిచారు. బండరాళ్ల మధ్య ఆరుబయట డాక్యుమెంటరీ చూసి, ఇరానీ చాయ్ తాగుతూ దర్శకుడితో వాదించవచ్చు. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ డాక్యుమెంటరీలు ఆడాయి. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతిలో పైడి జైరాజ్ పేర ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్‌లో పుట్టి 1929లో మూకీలతో నటన మొదలుపెట్టి, 1980 ఫాల్కే అవార్డు అందుకున్న జైరాజ్‌కు ఇది తగిన గుర్తింపు. 2016 నుంచి భాషా సాంస్కృతిక శాఖ అక్కడ శనివారం సాయంత్రాల్లో సినివారం పేరుతో కొత్త దర్శకుల లఘుచిత్రాలు వేసింది. బొమ్మ అయ్యాక దర్శకుడు ముందుకొచ్చి నిలబడతాడు, ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. ఫోన్‌తో, అప్పు చేసిన డబ్బుతో సినిమా తీసిన కుర్రాడికి పరాయివాళ్ల ముందు బొమ్మ పడటం అదే మొదటిసారి కావచ్చు.

ఈ హాళ్లలో లఘుచిత్రాలు, డాక్యుమెంటరీలే ఎక్కువగా ఆడటానికి చట్టం కూడా ఒక కారణం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం టికెట్టు పెట్టకపోయినా నలుగురిలో సినిమా వేయాలంటే హక్కుదారు అనుమతి కావాలి. సినిమాకు ఆ హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. సొంత చిత్రం తెచ్చుకున్న దర్శకుడి దగ్గర ఆ చిక్కు లేదు.

బస్తీల్లో 16 ఎం.ఎం. తిప్పిన ఆపరేటర్లు ఇప్పుడు ముసలివాళ్లు. వాళ్ల మాటల్ని ఇప్పుడే రికార్డు చేయాలి. ఇంట్లో ప్రొజెక్టర్, ఫిల్మ్ సొసైటీ ఆహ్వానపత్రం, పందిరి ఫొటో ఉన్నవాళ్లు వాటిని పాతసామాన్ల బండికి వేయకుండా దాచాలి, ఫొటో వెనక బస్తీ పేరు, సంవత్సరం రాసిపెట్టాలి. రీలు డబ్బా ఉంటే మూత తీసి చూడాలి. వెనిగర్‌లాంటి పుల్లటి వాసన వస్తే ఫిల్ము చెడటం మొదలైందని అర్థం, ఇక ఆలస్యం చేయకూడదు.