రాతిపనివాళ్ళ ప్రమాణం

మా తాతది చీరాల దగ్గర జాండ్రపేటలో గుంట మగ్గం. పని నేర్చుకుంటానని ఎవరన్నా కుర్రాడు వస్తే ముందు నాడె ముట్టుకోనిచ్చేవాడు కాదు. మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి రమ్మనేవాడు. మగ్గం గుంజకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, రెండు తమలపాకులు, వక్క, ఒక రూపాయి బిళ్ళ ముందు పెట్టించేవాడు. పడుగు మీద అరచెయ్యి ఆనించి "దొంగ నూలు ముట్టను, సగం నేసిన చీర వదిలి పోను" అని మూడుసార్లు అనిపించేవాడు. అప్పుడు మార్కండేయుడికి దణ్ణం. ఆ తర్వాతే కుర్రాడు గుంటలోకి కాళ్ళు దించాలి. ఆ మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. తాతకి వాళ్ళ నాన్న చెప్పాడు, ఆయనకి ఇంకెవరో చెప్పారు.

నేను ఎడింబరో వచ్చి పందొమ్మిదేళ్ళయింది. ఈ ఊరి చరిత్ర చదువుతూ చదువుతూ ఫ్రీమేసన్ల దగ్గర ఆగిపోయాను. అక్కణ్ణించి ముందుకు కదలలేకపోవడానికి కారణం ఆ పసుపు రాసిన గుంజే.

మన వైపు ఫ్రీమేసన్ల పేరెత్తితే ఎవరికైనా గుర్తొచ్చేది రహస్య సంఘం. ప్రపంచాన్ని తెర వెనక నుంచి ఆడించేవాళ్ళని ఒకరంటారు, సైతానుని కొలిచేవాళ్ళని ఇంకొకరంటారు. హైదరాబాదులో గోషామహల్ బారాదరి గేటు ముందు నుంచి పోయినవాళ్ళు కూడా లోపల ఏదో జరుగుతుందని గొంతు తగ్గించి చెప్పుకుంటారు. తానీషా కట్టించిన ఆ భవనం నిజాముల కాలం నుంచీ మేసన్ల చేతిలోనే ఉంది. లోపల జరిగేదానికి మూలం ఒక పనివాళ్ళ సంఘం. వాళ్ళు రాళ్ళు చెక్కి గోడలు కట్టిన మేస్త్రీలు. మేసన్ అంటే మేస్త్రీ అనే అర్థం. లాడ్జి అంటే మనం రాత్రి బస చేసే హోటలు కాదు, కట్టుబడి జరిగేచోట పనివాళ్ళు కూర్చునే పాక.

ఎడింబరో పాతబస్తీ నడిబొడ్డున సెయింట్ జైల్స్ అనే పెద్ద చర్చి ఉంది. 1475 అక్టోబరులో ఈ ఊరి రాతిపనివాళ్ళు, వడ్రంగులు కలిసి నగరపాలకుల దగ్గర ఒక హక్కు పత్రం రాయించుకున్నారు. పని వచ్చో రాదో పరీక్షించడం, తగాదాలు తీర్చడం, అప్రెంటిస్‌కి గడువు పెట్టడం లాంటివి అందులో ఉన్నాయి. వాటితో పాటు ఇంకొకటి ఉంది. సెయింట్ జైల్స్‌లో సువార్తికుడైన యోహాను పేరిట ఒక పీఠాన్ని వాళ్ళకి అప్పగించారు. దాని దీపధూపాలు, మరమ్మతు, పూజారి ఖర్చు వాళ్ళవే. కొత్తగా చేరే అప్రెంటిస్ ఆ పీఠానికి రుసుము కట్టాలి. ఊరేగింపుల్లో ఏ సంఘం తరవాత ఏ సంఘం నడవాలో, బ్రూజ్ లాంటి పెద్ద పట్టణాల్లో ఆచారం ఎలా ఉందో అలా తమకీ చోటు ఉండాలని కూడా రాయించుకున్నారు. మన ఊళ్ళో అమ్మవారి కొలుపులో ఏ కులం బోనం ఎప్పుడు కదలాలో ఎంత పట్టింపో తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అంటే మొదట్లో మతం వాళ్ళ సంఘంలోకి రావలసిన పనే లేదు. సంఘమే మతంలో ఉంది.

తరవాత 1560 వచ్చింది. స్కాట్లాండు పోపుని వదిలి ప్రొటెస్టెంటు దారి పట్టింది. సెయింట్ జైల్స్‌లో మతసంస్కర్త జాన్ నాక్స్ ప్రసంగపీఠం ఎక్కాడు. విగ్రహాలు, పీఠాలు, కొవ్వొత్తులు, ఊరేగింపులు అన్నీ విగ్రహారాధన కింద లెక్కకట్టి తీసేశారు. ఊళ్ళోని సంఘాల పీఠాలన్నీ అలా పోయాయి. తెల్లగా సున్నం వేసిన గోడలు, ప్రసంగం, కీర్తన మిగిలాయి. తాతల నాటి నుంచి నూనె పోసిన దీపం ఒక్కసారిగా ఆరిపోతే ఆ సంఘంలో ఉండే మనిషికి ఎలా ఉంటుందో నేను తేలిగ్గా ఊహించగలను. మా గుంజకి పసుపు రాయొద్దని ఎవరన్నా వచ్చి చెప్పి ఉంటే తాత ఏం చేసేవాడు? నలుగురి ముందు మానేసేవాడేమో. తలుపు వేసుకుని రాసేవాడు.

స్కాట్లాండు మేస్త్రీలు అదే చేశారని చరిత్రకారుడు డేవిడ్ స్టీవెన్‌సన్ వాదన. 1988లో వచ్చిన ఆయన పుస్తకం ఈ విషయంలో నాకు దారి చూపించింది. చర్చిలో చోటు పోయిన కర్మకాండ అంతా లాడ్జి గదిలోకి మారిందని ఆయన అంటాడు. ఈ వాదన నాకు నిజమనిపిస్తుంది. తేదీలు కూడా అటే చూపిస్తాయి. 1598 డిసెంబరు 28న రాజుగారి కట్టుబడి పనుల అధికారి విలియం షా దేశంలోని లాడ్జిలన్నిటికీ నిబంధనలు విడుదల చేశాడు. ముందు రోజు 27 సువార్తికుడైన యోహాను పండగ. పీఠం పోయి ముప్పై ఎనిమిదేళ్ళయినా వాళ్ళు కూడింది ఆ పండక్కే. మరుసటి ఏడు ఇచ్చిన రెండో నిబంధనల్లో జ్ఞాపక విద్యలో పనివాళ్ళని పరీక్షించాలని షా రాశాడు. కాగితం మీద పెట్టకుండా నోటితో అప్పగించే మాటలు అప్పటికే ఉన్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది. ఎడింబరో లాడ్జి 1599 జులై 31న రాసుకున్న మినిట్స్ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆ లాడ్జి పేరు మేరీస్ చాపెల్. కన్య మరియమ్మ పేరిట 1504లో కట్టిన పాత గుడిని మేస్త్రీలు, వడ్రంగులు తరవాత తమ హాలుగా తీసుకున్నారు. 1780లలో సౌత్ బ్రిడ్జి వంతెన కోసం ఆ గుడిని కూల్చేశారు. పేరు మాత్రం నేటికీ లాడ్జికి అంటుకునే ఉంది.

ఆ గదిలో ఏం జరిగేదో మొదటిసారి వివరంగా చెప్పే కాగితం 1696 నాటిది. ఎడింబరో రిజిస్టర్ హౌస్‌లో దొరికింది కాబట్టి ఆ పేరుతోనే పిలుస్తారు. కొత్తవాణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెడతారు. ముందు బాగా భయపెడతారు. తరవాత చేతికి బైబిలిచ్చి, కుడిచెయ్యి దాని మీద వేయించి, మేసన్ల రహస్యపు మాట బయటపెట్టనని ప్రమాణం చేయిస్తారు. అప్పుడు మాట చెబుతారు. ఆ మాట ఎక్కడుందో కాగితం దాచలేదు. రాజుల మొదటి గ్రంథం ఏడో అధ్యాయం చూడమంటుంది. మన తెలుగు బైబిల్లో సొలొమోను మందిరం మంటపం ముందు నిలిపిన రెండు స్తంభాలకి యాకీను, బోయజు అని పేర్లున్న చోటది.

పీఠాన్ని తీసేసినవాళ్ళు జనం చేతుల్లో పెట్టింది ఒక్క పుస్తకం. మేస్త్రీలు ఆ పుస్తకాన్నే తెరిచి, అందులో కట్టుబడి గురించి ఏముందో వెతికి, సొలొమోను గుడిని తమ గదిలో మళ్ళీ కట్టుకున్నారు. వాళ్ళని చూస్తే నాకు గౌరవం. మతం పైనుంచి వచ్చి వాళ్ళ సంఘంలో దూరలేదు. పోగొట్టుకున్నదాన్ని వాళ్ళే, దొరికిన సరుకుతో, తిరిగి కుదుర్చుకున్నారు. ప్రమాణానికి సాక్షి కావాలి. మనం కర్పూరం వెలిగించి ఆర్పుతాం, తడిబట్టలతో గుడిముందు నిలబడతాం, పిల్లల నెత్తిన చెయ్యి పెడతాం. పీఠం లేని చోట వాళ్ళకి పుస్తకమే సాక్షి అయింది.

చర్చి పెద్దల్లో కొందరికి ఇది కొరుకుడు పడలేదు. 1652లో ఒక పాస్టరు మేసన్ మాట తీసుకున్నాడని తగువొస్తే, అందులో పాపం లేదని స్థానిక చర్చి సభ తేల్చింది. కానీ 1757లో చర్చి నుంచి విడిపోయిన కఠినమైన వర్గం ఒకటి మేసన్ ప్రమాణం తప్పని తీర్మానం చేసింది. ఏం రహస్యమో తెలియకుండా ముందే దేవుడి మీద ఒట్టు పెట్టించడమేమిటని వాళ్ళ అభ్యంతరం. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒట్టు తప్పితే గొంతు కోయించుకుంటానని చెప్పించడం కూడా చాలాకాలం నడిచింది. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి దాన్ని ప్రమాణంలోంచి తీసేసింది 1986లో.

తరవాతి వందేళ్ళ కథ లండనుది, దాన్ని గబగబా చెప్పేస్తాను. 1717లో అక్కడ గ్రాండ్ లాడ్జి మొదలైంది. అప్పటికి రాయి ముట్టని పెద్దమనుషులే ఎక్కువ. 1723లో వాళ్ళకి నియమావళి రాసిన జేమ్స్ ఆండర్సన్ అబర్డీన్‌లో పుట్టినవాడు, ప్రెస్బిటేరియన్ పాస్టరు. పాత మేస్త్రీల పత్రాలు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరుతో మొదలయ్యేవి. ఆయన దాన్ని పక్కన పెట్టి, మనుషులందరూ ఒప్పుకునే మతం ఒక్కటి చాలు, మిగతా నమ్మకాలు ఎవరివి వాళ్ళ దగ్గర ఉంచుకోండని రాశాడు. మతం కోసం దేశం చీలి నెత్తురు పారిన శతాబ్దం తరవాత ఒక పాస్టరు ఆ మాట రాశాడని మనం గుర్తుంచుకోవాలి. అయితే ఒకచోట తీసింది ఇంకోచోట మొలిచింది. 1730 నాటికి హీరాము కథ అచ్చులో కనిపిస్తుంది. సొలొమోను గుడి కట్టడానికి తూరు నుంచి వచ్చిన ఈ పనివాణ్ణి మాట చెప్పనన్నందుకు చంపేస్తారు. బైబిల్లో హీరాము ఉన్నాడు, హత్య లేదు. 1730లలో ఆండ్రూ రామ్సే అనే స్కాట్లాండు మనిషి పారిస్‌లో ఉపన్యాసం రాసి మేసన్లకి క్రూసేడు వీరుల్ని పూర్వీకులుగా చూపించాడు. అక్కణ్ణించి టెంప్లర్లనే క్రూసేడు వీరుల పేరిట, క్రైస్తవులకి మాత్రమే దొరికే మెట్లు (మేసన్లు ఒక్కొక్కటిగా అందుకునే డిగ్రీలు) పుట్టాయి. 1813లో ఇంగ్లండులో విడివిడిగా నడిచిన రెండు గ్రాండ్ లాడ్జిలు కలిసినప్పుడు, హీబ్రూ నేర్చుకుని యూదుల పక్షం నిలిచిన ససెక్స్ డ్యూకు మొదటి మూడు మెట్లలో క్రీస్తు ప్రస్తావనల్ని తీయించాడు.

మళ్ళీ స్కాట్లాండు పల్లెల్లోకి వస్తాను, నాకు ఇష్టమైన భాగం ఇక్కడుంది. ఎడింబరోకి తూర్పున హాడింగ్టన్‌లో 1676లో తోటమాలులు సంఘం పెట్టుకున్నారు. మొదట అది మంచి మొక్కలు, బీదవాళ్ళకి సాయం అన్నంతవరకే. కాలక్రమంలో మేసన్లని చూసి వాళ్ళూ మెట్లు కట్టుకున్నారు. మేస్త్రీలకి సొలొమోను గుడి ఉంటే మాకు ఏదెను తోట ఉందన్నారు. ఆదాము మొదటి తోటమాలి. తరవాత ద్రాక్షతోట వేసిన నోవహు. చివర సొలొమోను. ఏదెనులోని నాలుగు నదులు పీషోను, గీహోను, హిద్దెకెలు, యూఫ్రటీసు వాళ్ళ గుర్తుల్లోకి ఎక్కాయి. మన పద్మశాలీలు భావనారుషి తామరతూడు నారతో దేవతలకి బట్ట నేశాడని చెప్పుకోవడం, దేవాంగులు దేవల మహర్షిని మూలపురుషుడనడం వింటూ పెరిగినవాడిగా నాకు ఆ తోటమాలులు చుట్టాల్లా అనిపిస్తారు. చేసే పనికి దేవుడి దగ్గర ఒక మొదటి మనిషి కావాలి.

ఉత్తరాన అబర్డీన్ వైపు అరకదున్నే కూలీలది ఇంకో దారి. పందొమ్మిదో శతాబ్దంలో వాళ్ళకి హార్స్‌మన్ వర్డ్ అనే సంఘం ఉండేది. గుర్రాన్ని లొంగదీసే మాట అందులో దొరుకుతుందని నమ్మకం. కుర్రాడు రొట్టె, విస్కీ సీసా పట్టుకుని రాత్రి గాదెకి రావాలి. కళ్ళకి గంతలు కడతారు. ధాన్యం కొలిచే కుంచమే పీఠం. మాట ఎక్కడా రాయనని ఒట్టు పెట్టించి, వెంటనే రాయమంటారు. కలం పట్టిన వేళ్ళ మీద గొలుసుతో కొడతారు. ఆఖరికి సైతానుతో కరచాలనం చేయమని బొచ్చు గిట్ట ఒకటి చేతికి అందిస్తారు. ఆదివారం చర్చిలో తలవంచుకు కూర్చునే పిల్లలే వీళ్ళంతా. రొట్టె, పానీయం, పీఠం చర్చిలోవే, తలకిందులైనవి. తమ మీద పెత్తనం చేసే రైతుకి, పాస్టరుకి అందని చోటు ఒక్కటి వాళ్ళు కోరుకున్నారు.

సముద్రం దాటి మేసన్ల ప్రమాణం మన దేశం వచ్చేసరికి కొత్త చిక్కు. 1770లలో తిరుచ్చిలో ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరా మేసన్ అయ్యాడు. అప్పట్లో మన చీరాల పక్కనే ఉన్న ఒంగోలు సీమ ఆ నవాబు కిందే ఉండేది. ముస్లింకి ఒకే దేవుడు కాబట్టి పెద్ద అడ్డు రాలేదు. హిందువు సంగతేమిటి? కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తా 1863లో అడిగితే, అనేకమంది దేవుళ్ళున్నవాడు ఏ దేవుడి ముందు ఒట్టు పెడతాడని అడ్డుకున్నారు. తొమ్మిదేళ్ళు పట్టింది, 1872లో చేర్చుకున్నారు. 1884లో అదే ఊళ్ళో నరేంద్రనాథ దత్తా, తరవాతి వివేకానందుడు, చేరాడు. 1961లో భారతదేశానికి సొంత గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. మన లాడ్జిల్లో ఇవాళ బల్ల మీద బైబిలు, ఖురాను, గీత, గురు గ్రంథ్ సాహెబు, జొరాస్ట్రియన్ల అవెస్తా పక్కపక్కన పెడతారు. ఎవరిది వాళ్ళు ముట్టుకుని ప్రమాణం చేస్తారు.

మన చీరాల వాళ్ళకి ఇంకొకరి పేరు చెప్పకుండా ఉండలేను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1910లలో ఈ ఎడింబరో విశ్వవిద్యాలయంలోనే ఎం.ఏ. చదివాడు. నేను రోజూ నడిచే వీధుల్లో ఆయనా నడిచాడు. తిరిగొచ్చి రామదండు అనే సేవాదళం కట్టాడు. 1921లో విజయవాడలో కాంగ్రెసు సభలకి వచ్చిన జనాన్ని క్రమంలో ఉంచింది ఆ దండే. చీరాల, పేరాలని మునిసిపాలిటీ చేసి పన్ను పెంచినందుకు అదే ఏడు ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి, ఊరవతల పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలుంది. ఆ పాకలకి రామనగర్ అని పేరు. కాషాయం, రుద్రాక్షలు, నుదుట బొట్టు, సేనాపతి రాముడు. జీతం లేని మనిషిని ఎండలో, వానలో నిలబెట్టడానికి గోపాలకృష్ణయ్య పట్టుకున్నది ఆ గుర్తుల్నే. ఆ దండులో నేతగాళ్ళున్నారు, మా ముత్తాత ఒకడు.

ఏటా సెప్టెంబరులో ఇక్కడ పాత భవనాల తలుపులు జనానికి ఊరికే తెరుస్తారు. పోయినేడు ఒక లాడ్జికి వెళ్ళాను. నలుపు తెలుపు గళ్ళ నేల, మధ్యలో బల్ల, దాని మీద తెరిచిన బైబిలు, పైన కంపాసు, మూలమట్టం. తెల్లటి గొర్రెతోలు ఏప్రన్ కట్టుకున్న పెద్దాయన ఒకాయన అన్నీ ఓపిగ్గా చూపించాడు. ఎవరికి ఏది పవిత్రమో దాని మీదే ప్రమాణం చేస్తారని చెప్పి, మరి మీరైతే దేని మీద చేస్తారు అని అడిగాడు. మా ఇంట్లో ప్రమాణానికి పుస్తకం వాడేవాళ్ళం కాదన్నాను. తాత సంగతి చెప్పాను. పడుగు అంటే ఏమిటో, నాడె ఎటు నుంచి ఎటు పోతుందో బల్ల మీద వేళ్ళతో చూపించాను. ఆయన తాతముత్తాతల్లో ఒకాయన పెయిస్లీలో శాలువాలు నేశాడట. ఆ పనిముట్టుని మీ భాషలో ఏమంటారని అడిగాడు. చెప్పాను. జేబులోంచి పెన్ను తీశాడు, కాసేపు ఆగాడు, మళ్ళీ లోపల పెట్టేసి, ఇంకోసారి చెప్పమన్నాడు.

"నాడె."

రెండుసార్లు పలికి చూసుకున్నాడు. రెండోసారి సరిగ్గానే వచ్చింది.