మిరప నారుమడి పూర్వచరిత్ర

మిరపకాయ చరిత్రను వ్రాసినవారు ఓడలను గూర్చియు, వర్తకులను గూర్చియు, రాజ్యములను గూర్చియు విస్తరించి చెప్పుదురే కాని, ఆ కాయ కడుపులోని పసుపువన్నె విత్తును పరాయి మట్టిలో మొలిపించుటకై మనుష్యులు పడిన పాట్లను ఒక్క వాక్యముతో సరిపుచ్చుదురు. ఓడ విత్తనమును తేగలదు గాని మొలిపింపజాలదు. మిరప విత్తు వెచ్చదనము లేనిచోట మొలవదు. మొలిచినను మితిమీరిన తడిలో బ్రతుకదు. బ్రతికినను వెలుతురు చాలనిచోట నిటారుగా నిలువదు. ఈ మూడు కోరికలను తీర్చుటకై ఒక్కొక్క దేశమువారు ఒక్కొక్క ఉపాయమును కనిపెట్టిరి. నేడు చలిదేశములలో ఇంటి కిటికీ ప్రక్కన చిన్న కుండీలో మొట్టమొదటిసారి మిరప గింజలు వేసి, మొలక ఎప్పుడు తల ఎత్తునా యని కాచుకొని యుండు గృహస్థుడు, ఎఱిగియో ఎఱుగకయో, ఆ ఉపాయపరంపరకే వారసుడు.

మిరపకు పుట్టిల్లు అమెరికా ఖండము. అచ్చటి అడవిమిరప కాయలు చిన్నవి, ఆకాశమువైపు నిక్కి యుండునవి, పండినపుడు ఎఱ్ఱనై పక్షుల దృష్టి నాకర్షించునవి. కారమునకు మూలమైన కాప్సైసిన్ అను పదార్థము విత్తులను నమలి పాడుచేయు జంతువుల నోటిని మండించి వానిని దూరముగా ఉంచును. పక్షులకు మాత్రము ఆ మంట తెలియదు. అవి కాయను మ్రింగి, ఏదో ఒక చెట్టుకొమ్మపై వ్రాలి, విత్తులను చెడకుండ విసర్జించును. కావుననే మెక్సికో ఉత్తరభాగపు మెట్టప్రాంతములలో అడవిమిరప మొక్కలు నేటికిని పెద్ద చెట్ల నీడనే కానవచ్చును; ఆ నీడ పగటి ఎండనుండియు రాత్రి చలినుండియు పసిమొక్కను కాచును. పరుల ఆశ్రయమున పుట్టుట ఈ జాతికి జన్మతో వచ్చిన గుణము. తరువాత సేద్యకాండ్రు చేసినదెల్లను ఆ చెట్టునీడకు మారుగా వేరొక ఆశ్రయమును కల్పించుటయే.

అట్టి కల్పనలలో మిక్కిలి నేర్పుగలది మెక్సికో లోయయందలి చినాంపా సేద్యము. లోతు తక్కువగల సరస్సులలో బురదను, నీటిమొక్కలను పొరలు పొరలుగా పేర్చి, అంచులవెంట చెట్లు నాటి, కాలువల నడుమ ఇరుకైన మళ్లను నిర్మించుకొని, ఆజ్టెక్కులు తమ మహానగరమునకు ఆహారము సమకూర్చుకొనిరి. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిన సోచిమిల్కోలో ఆ సేద్యము ఇప్పటికిని పూర్తిగా అంతరింపలేదు. అచ్చటి రైతు నారు పోయు విధానము చూడదగినది. కాలువ అడుగునుండి మెత్తని బురదను తోడి, గట్టున పలుచగా పరచి, కొంత ఆరనిచ్చి, అది పూర్తిగా గట్టిపడకమునుపే కత్తితో నిలువునను అడ్డమునను, పళ్లెములో ఆరిన మైసూరుపాకును కోసినట్లు, చిన్నచిన్న దిమ్మెలుగా కోయును. ఈ దిమ్మెకు చపీన్ అని పేరు. ప్రతి దిమ్మె నడుమను గుంట చేసి, విత్తు వేసి, ఎండిన పేడపొడితో పూడ్చి, మంచు కురియు రాత్రులలో పైన తుంగయో గడ్డియో కప్పును. మొక్క ఎదిగిన పిమ్మట దిమ్మెను దిమ్మెగానే ఎత్తి మడిలో నాటును. వేరు తెగుట గాని, మొక్క వాడుట గాని లేదు.

1493 జనవరి 15వ తేదీన కొలంబస్ తన దినచర్యలో ఈ క్రొత్త కారమును ప్రస్తావించెను. అటుపిమ్మట నూరేండ్లు తిరుగకమునుపే మిరప ఐరోపాలో ఇంటింటి మొక్క అయ్యెను. స్పెయిన్‌లో దాని కాయ వంటింటికిని, మొక్క తోటకును చేరెను. ఎండకు కొదువలేని ఆ దేశమున నారుకై వింత ఉపాయములు అవసరము కాలేదు. ఉత్తరమునకు పోయినకొలదిని కష్టము పెరిగెను. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ 1542లో ప్రకటించిన తన ఓషధిగ్రంథమున మిరపను చిత్రపటములతో వర్ణించి, కొలది యేండ్లక్రితము వరకు ఎవరును ఎఱుగని ఈ మొక్క జర్మనీలో మట్టికుండలలో పెరుగుచున్నదని తెలిపెను. దానికి ఆయన కాలికట్టు పేరు పెట్టుటనుబట్టి, అమెరికాలో పుట్టిన మొక్క మన దేశపుదని ఐరోపా పండితులు ఎంత త్వరగా నమ్మిరో తెలియుచున్నది.

మొక్క కుండలోనికి ఎందుకు చేరెనో విశదముగా చెప్పినవాడు ఆంగ్లేయుడైన జాన్ జెరార్డ్. 1597లో వెలువడిన ఆయన గ్రంథమున మిరప విత్తనమును వేడి గుఱ్ఱపులద్దె పడకపై చల్లవలెననియు, మూడు నాలుగాకులు వేయగానే కుండలోనికి మార్చవలెననియు, కుండలో నున్నచో ఎండ ఎచ్చట నుండిన అచ్చటికి మోసికొనిపోవుట సులభమనియు, శరత్కాలమున రాత్రిచలి తగులకుండ ఇంటిలోనికి చేర్చవలెననియు ఉపదేశము కలదు. గడ్డితో కలిసిన పచ్చిలద్దె పులియునపుడు సూక్ష్మజీవుల క్రియవలన వేడి పుట్టును; దానిపై మట్టిపొర వేసినచో, బయట మంచు కురియుచున్నను విత్తునకు వసంతమే. తరువాతి శతాబ్దములలో లద్దెపడకపై అద్దపు మూతయు, అద్దపు మూతనుండి అద్దాల గృహమును, నేటి కాలమున విద్యుత్తుతో కాగు పళ్లెమును వచ్చెను. సాధనములు మారెను గాని జెరార్డ్ ఉపదేశమునందలి క్రమము, వెచ్చగా మొలిపించుట, కుండలోనికి మార్చుట, ఎండకు చేర్చుట, నేటికిని మారలేదు.

తెలుగునేలకు మిరప వచ్చినది పోర్చుగీసువారి మూలమున. మిరప రాకమునుపు మనకు కారమనగా మిరియము, పిప్పలి, అల్లము, ఆవాలే. మిరియపు తీగ మలబారు తడికొండలను విడిచి రాదు. దానిని కొనియే తెచ్చుకొనవలెను. మిరప మొక్కయో పేదవాని పెరటిలోనే కాయును. 1510లో గోవాను ఆక్రమించిన పోర్చుగీసుల వర్తకముతో పడమటి తీరమున దిగిన ఈ విత్తు దక్కను పీఠభూమి మీదుగా తూర్పునకు వ్యాపించి, మిరియమును వంటింటిలో వెనుకకు నెట్టి, కాలక్రమమున గుంటూరు, పల్నాడు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల నల్లరేగళ్లలో స్థిరపడెను.

ఇచ్చట సమస్య తలక్రిందులయ్యెను. జర్మనీలో చలినుండి కాపాడవలసిన మొలకను ఇచ్చట వానదెబ్బనుండియు ఎండదెబ్బనుండియు కాపాడవలసి వచ్చెను. వర్షాధారపు రేగళ్లలో నేరుగా వెదబెట్టువారు ఎకరమునకు రెండున్నర కిలోల విత్తనము చల్లుదురు. నారు పోసి నాటువారికి, సూటిరకములైనచో, ఒక సెంటు నారుమడియు 650 గ్రాముల విత్తనమును ఎకరమునకు చాలును. ఈ వ్యత్యాసమే నారుమడి విలువను చాటును. పునర్వసు, పుష్యమి కార్తెలలో మీటరు వెడల్పున, నీరు నిలువకుండ జానెడెత్తున మడి కట్టి, విత్తును ఇసుకతో కలిపి వరుసలలో పోసి, పైన వరిగడ్డి కప్పి, మొలక కనబడగానే గడ్డి తీసివేయుదురు. ఆరువారములు నిండిన నారు నాటుటకు వచ్చును.

నారు పోసినవాడు నీరు పోయడా యని మన సామెత. మిరప విషయమున ఆ నీరు ఎక్కువైనదా, నారుకుళ్లు ఒక్క రాత్రిలో మడిని నేలపాలు చేయును. చల్లని తడిమట్టిలో విజృంభించు శిలీంధ్రము మొలక కాండమును మట్టివద్దనే మెత్తబరచును. లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడిని తడుపుట నేటి చికిత్స. గుంటూరు చేరువనున్న లాం పరిశోధన క్షేత్రమునుండి భాగ్యలక్ష్మి యను జి-4, ఆంధ్రజ్యోతి యను జి-5 వంటి రకములు వెలువడి సేద్యమును మార్చెను. ఇటీవల సంకరజాతి విత్తనము ప్రియమగుటచేత గింజ వృథా కారాదని నీడవలల క్రింద, కొబ్బరిపొట్టు నింపిన ప్లాస్టిక్ ట్రేలలో, గుంటకొక గింజ చొప్పున నారు పెంచు నర్సరీలు వెలసెను. సోచిమిల్కో రైతు కోసిన బురదదిమ్మెకును ఈ ట్రేలోని గుంటకును తేడా పదార్థమునందే, ఆలోచన ఒక్కటే.

అమెరికాలోను, బ్రిటనులోను కాపురమున్న తెలుగువారు మాఘ ఫాల్గుణముల చలిలో కిటికీ ప్రక్కన మిరప గింజలు వేయుట నేడు అరుదు కాదు. క్రొత్తగా పూనుకొనువారికి ఈ చరిత్ర చెప్పు మాటలు కొన్నియే. తాలుకాయ విత్తు వలదు. బాగుగా పండి యెండిన ఎఱ్ఱకాయ విత్తునే యెన్నుకొనుడు. సంకరజాతి కాయ విత్తు తల్లిని పోలునని ఆశింపకుడు. మొలకెత్తువరకు వెలుతురుకంటె వెచ్చదనము ముఖ్యము; 25 నుండి 30 డిగ్రీల వేడిమి యున్నచో ఒకటి రెండు వారములలో మొలక వచ్చును, హబనేరో వంటి జాతులకు ఇంకను ఆలస్యమగును. మొలిచిన పిమ్మట వెలుతురే ప్రాణము. అది చాలనిచో కాండము సన్నగా సాగి, కిటికీవైపు వంగి, తుదకు పడిపోవును. మట్టి పైపొర ఆరిన పిదపనే నీరు పోయుడు. బయటి గాలికిని ఎండకును మొక్కను దినదినము కొంచెము కొంచెముగా అలవాటు చేయుడు. కాయ కారము విత్తు గుణముననుసరించి యుండును. ఆ కాయ అసలు కాచుట మాత్రము తొలి ఆరువారముల శ్రద్ధపై ఆధారపడి యున్నది.