పీపాలో పాకం

సంక్రాంతి వెళ్లిన వారానికి, పొద్దున్న పొద్దున్నే, అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో ఉన్నారు మీరు. చెప్పులు నేలకి అతుక్కుని, అడుగు తీసినప్పుడల్లా టప్పుమంటున్నాయి. షెడ్డు పొడవునా దిమ్మలు బారులు తీరాయి. ఒక వరస లేత పసుపు, ఇంకోటి ఇటుక రంగు, ఆ చివరన ఎవరికీ పట్టనట్టు నల్లది. కాటా దగ్గర కొలగారు తూకం కేకేస్తున్నాడు. "తప్పుకోండి బాబూ, దిమ్మ కాలు మీద పడతాది" అంటూ కళాసీ ఒకతను మీ భుజం రాసుకుంటూ దాటిపోయాడు. ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్ తర్వాత దేశంలో ఇంత పెద్ద బెల్లం మార్కెట్ ఇదేనని పేరు. ఆ పేరులో సింహభాగం పసుపు దిమ్మలదే. వేలంలో రంగుకే ధర. ఆ రంగు కోసమే కొందరు వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. మీ కన్ను మాత్రం ఆ చివరి వరస మీదుంది.

చిల్లరగా కావాలంటే బయట కొట్టుకి వెళ్లాలి.

"పరమాన్నానికా, పాకానికా బాబూ?"

"పాకానికే."

"అయితే ముదురు రంగుది పట్టుకెళ్లండి. తెల్లది చూడ్డానికే బాగుంటాది."

ఏ పాకమో మీరు చెప్పలేదు, మంచిదే. ఈ ప్రాంతంలో నల్లబెల్లం, మందు అనే రెండు మాటలూ పక్కపక్కన పడితే వినేవాళ్ల బుర్ర నేరుగా నాటుసారా మీదికి పోతుంది. ఎక్సైజ్ వాళ్ల బుర్ర మరీను. ఇంట్లో సారా కాస్తే నేరం. మీరు చేసేది అది కాదు. షాపులో కొన్న విస్కీలో బెల్లం పాకం, బిట్టర్స్ అనే చేదు సారం కలిపి ఓక్ పీపాలో కొన్నాళ్లు ఊరనిస్తారు, అంతే. ఇంట్లో ఉంచుకునే సీసాలకి పరిమితి ఉంటుంది, అది దాటకుండా చూసుకోవాలి.

ఇంటికొచ్చేసరికి వంటింటి గట్టు మీద పీపా మీకోసం చూస్తోంది. రెండు లీటర్లది, లోపల కాల్చి నల్లగా చేసిన తెల్ల ఓక్. మనకి దగ్గర్లోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో కర్రని చిత్రికపట్టి బొమ్మలు తీసే చేతులున్నాయి. కానీ వాళ్ల అంకుడు కర్ర మెత్తన, బొమ్మకే సరి. తెల్ల ఓక్ నాళాల్లో సహజంగానే అడ్డుపొరలు పెరిగి దారి మూసేస్తాయి, అందుకే అది ద్రవాన్ని ఆపగలదు.

వేడినీళ్లు పోయండి. పోసీ పోయగానే కంగారు పడతారు. ఇనుప కట్ల కింద నుంచి సన్నగా చెమట, కుళాయి చుట్టూ బొట్లు, అడుగున చిన్న ధార. ఏమీ కాదు, పళ్లెంలో పెట్టి వదిలేయండి. చెక్క నీళ్లు తాగి ఉబ్బి, పలకలు ఒకదాన్నొకటి అదుముకుంటాయి. సాయంత్రానికి ధార బొట్లవుతుంది, మర్నాటికి పళ్లెం పొడిగా ఉంటుంది. ఈలోగా మీ అమ్మగారు రెండుసార్లు వచ్చి చూశారు. "ఏట్రా అది?" "పీపా అమ్మా." "పీపా అని నాకూ తెల్సు."

ఇప్పుడు పాకం. బెల్లం చితక్కొట్టి, సమానంగా నీళ్లు పోసి, సన్నసెగ మీద కరిగించండి. ముద్దపాకమూ తీగపాకమూ ఏమీ వద్దు, కరిగితే చాలు. పైకి తేలే నురగలో చెరకు పిప్పి పీచు, రవ్వంత ఇసుక కనిపిస్తాయి. పలచని గుడ్డలో వడకట్టండి. వాసన చూడండి: కొంచెం పొగ, కొంచెం మాడు, నాలిక చివర ఉప్పదనం. పంచదారలో ఇవేవీ ఉండవు. నల్లది ఏరుకున్నది ఇందుకే.

ఫుల్ బాటిళ్లు రెండు, అంటే లీటరున్నర విస్కీ. పాకం నూటయాభై మిల్లీలీటర్లు. అంగోస్తురా బిట్టర్స్ నలభై. ఈ బిట్టర్స్ ట్రినిడాడ్‌ది. చెరకు తోటల పనికి 1845 నుంచి మన దేశపు కూలీలను ఓడలెక్కించి తీసుకెళ్లిన దీవి అది. మన మామూలు విస్కీల్లో చాలావాటికి మూలం కూడా పంచదార మిల్లు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటే. కాబట్టి ఇందులో బెల్లం కలపడం మేనరికమే. నిమ్మరసం మాత్రం పీపాలోకి రానివ్వకండి, పాడవుతుంది. కమలా తొక్క వడ్డించేటప్పుడు చూసుకోవచ్చు. కలిపినది రాత్రంతా గాజు సీసాలో ఉంచితే మసక కమ్మి అడుగున మడ్డి దిగుతుంది. పైతేట ఒంపి పీపాలో పోసి బిరడా బిగించండి.

ఎన్నాళ్లుంచాలి? 2009లో లండన్‌లో టోనీ కొనిగ్లియారో సీసాల్లో మాగబెట్టిన కాక్‌టెయిల్ రుచి చూసి, బార్టెండర్ జెఫ్రీ మార్గెంథేలర్ అమెరికాలో పోర్ట్‌లాండ్‌కి తిరిగెళ్లి అదే పని పీపాలో మొదలుపెట్టాడు. మదీరా వైన్ ఉండిన పీపాలో మన్‌హాటన్ అనే కాక్‌టెయిల్, అయిదారు వారాలు. ఆ లెక్క చూసి మీరు కేలెండర్‌లో గీత పెట్టుకుంటే మోసపోతారు. పీపా చిన్నదయ్యేకొద్దీ లీటరుకి తగిలే చెక్క పెరుగుతుంది. రెండొందల లీటర్ల పీపాతో పోలిస్తే మీదాంట్లో అది నాలుగైదు రెట్లు. పైగా ఇది అనకాపల్లి. పగలు వేడికి ద్రవం చెక్కలోకి చొరబడుతుంది, రాత్రి చల్లబడి వెనక్కొస్తుంది. బెంగళూరు అమృత్ విస్కీ వాళ్ల పీపాల్లోనే ఏటా పది శాతం పైన ఆవిరైపోతుంది, స్కాట్లాండ్‌లో రెండు శాతమే. మన కోస్తా తేమలో నీటికంటే ఆల్కహాల్‌కే తొందరెక్కువ, ఘాటూ తగ్గుతుంది.

అందుకని నాలుగోరోజు నుంచే కుళాయి తిప్పి చెంచాడు పట్టండి. మొదట విస్కీ వేరు, తీపి వేరు, రెండూ మొహమొహాలు చూసుకుంటూ ఉంటాయి. వారం దాటాక అంచులు అరుగుతాయి, వెనిలా లాంటి వాసన లేస్తుంది, బెల్లం పొగా చెక్క పొగా కలిసిపోతాయి. ఇక్కడే ఆశ పుడుతుంది, ఇంకో వారం ఉంచుదామని. కొత్త పీపాని నమ్మకండి. ఒక పొద్దున్న గుటకేస్తే దవడల దగ్గర వగరు పట్టుకుంటుంది, పచ్చి కరక్కాయ నమిలినట్టు. ఆ వగరు ఛాయ తగలగానే మొత్తం గాజు సీసాల్లోకి దింపేయండి. గాజులో చేరాక చెక్క పని ఆగిపోతుంది.

గ్లాసులో పెద్ద ఐసు ముక్క ఒకటి, పైన అరవై మిల్లీలీటర్లు, కమలా తొక్క పిండి నూనె చిలకరించడం, ఇక తాగడమే.

ఖాళీ పీపాని ఎండనివ్వకండి, పలకలు విడిపోయి మళ్లీ కారుతుంది. వెంటనే రెండో వాయి పోయండి. చెక్క ఈసారి నెమ్మదిస్తుంది, రోజులు ఎక్కువ ఇవ్వాలి. పాకం మాత్రం కొంచెం తగ్గించండి, మొదటి వాయి తీపి ఇంకా పలకల్లోనే ఉంది.