గంప నుంచి బెల్టు దాకా: విశాఖ రేవులో ఖనిజం కదిలిన కథ

విశాఖ రేవు చరిత్ర అనగానే 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి 'జలదుర్గ' ఓడ లోపలికి రావడం, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవం చేయడం అందరూ చెబుతారు. ఓడ వచ్చాక అందులోకి సరుకు ఎలా ఎక్కిందన్నది మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. మనలో చాలామందికి అన్నం పెట్టింది ఆ ఎక్కించడం, దించడమే. అందుచేత ఈ ప్రత్యేక సంచికలో ఆ సంగతి నాలుగు మాటలు రాద్దామని నా ప్రయత్నం.

అసలు ఈ రేవు పుట్టిందే ఖనిజం కోసం. మధ్య పరగణాల మాంగనీసును దగ్గరి దారిన సముద్రానికి చేర్చాలన్నది బెంగాల్ నాగపూర్ రైల్వే వారి ఆలోచన. రాయపూర్-విజయనగరం రైలుమార్గం వేయడంతో ఆ దారి ఏర్పడింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న చిత్తడి నేలను తవ్వి కాలువ, రేవు కట్టారు. ముఖద్వారం దగ్గర అలలకు అడ్డుగా రెండు పాత ఓడలను ముంచారు. (ఆ అడ్డు వెనుక చేరే ఇసుకను డ్రెడ్జరుతో తోడి ఊరి బీచి వైపు పంపడం అప్పటి నుంచీ తప్పని పని. రేవు ఖనిజాన్ని ఎంత మోసిందో ఇసుకనూ అంత మోసిందని మన డ్రెడ్జింగ్ మిత్రులు అంటూంటారు. లెక్క వారికే తెలియాలి!)

ఆ రోజుల్లో వ్యాగన్ల నుంచి దించిన ఖనిజాన్ని కుప్పలు పోసేవారు. ఓడ వచ్చాక పారలతో గంపలకెత్తి, తలమీద మోసుకెళ్ళి, క్రేను తొట్లలో నింపేవారు. మాంగనీసు చూడటానికి గుప్పెడే, ఎత్తితే తెలుస్తుంది దాని బరువు. కూలీలను మేస్త్రీలు ఏ రోజుకారోజు పిలిచేవారు. ఓడ ఉంటే కూలి, లేకపోతే పస్తు. దేశంలోని రేవులన్నిటా ఇదే తంతు కనుకనే 1948లో డాక్ కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టం వచ్చింది.

తరువాత జపాను ఒప్పందం వచ్చింది. 1960లో కుదిరిన ఏర్పాటు ప్రకారం బైలదిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నులు, కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు, మొత్తం 60 లక్షల టన్నుల ఇనుప ఖనిజం పంపాలి. గంపకు పాతిక కిలోల చొప్పున లెక్క కట్టి చూడండి, 24 కోట్ల గంపలు! ఏడాదిలో ఒక్క రోజూ సెలవు లేకున్నా రోజుకు ఆరున్నర లక్షల పైచిలుకు. మనుషుల తలలతో అయ్యే పని కాదని కాగితం మీదే తేలిపోయింది. కొత్తవలస-కిరండూలు మార్గం, రేవులో యంత్రాల ప్లాంటు ఒకదాని కోసం ఒకటి పుట్టాయి. ప్లాంటు 1965లోనూ, రైలుమార్గం ఆ వెంటనే 1966-67లోనూ సిద్ధమయ్యాయి. లోడు బండి సిమిలిగుడ దగ్గర సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకెక్కి, అక్కడి నుంచి బొర్రా సొరంగాల గుండా సముద్రమట్టానికి దిగాలి. ఎక్కడం కన్నా దిగడమే కష్టమని, బ్రేకులతోనే బండి నడుపుతామని లోకో మిత్రులు చెప్పేవారు.

ఇక బెల్టు సంగతి. కన్వేయరు బెల్టుకు పేరు తెచ్చింది కూడా ఇనుప ఖనిజమే. అమెరికాలోని న్యూజెర్సీలో ఎడిసన్ గారు ఖనిజం శుద్ధి చేసే మిల్లు పెట్టారు. అక్కడ గుడ్డ బెల్టులు రాళ్ళ తాకిడికి చిరిగిపోతుంటే, థామస్ రాబిన్స్ అనే యువకుడు 1890ల తొలినాళ్ళలో చూసి, పైన మందపాటి రబ్బరు పొర వేయించాడు. కింద రోలర్లను వాలుగా అమర్చి బెల్టును దోనెలా వంచాడు. దానికి 1900 పారిస్ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. మన ప్లాంటులో ఉన్నదీ ఆ దోనే.

తిప్లరు వ్యాగన్ను పట్టుకుని తలకిందులు చేసేది. ఖనిజం హాపరులో పడి, ఫీడరు మీదుగా బెల్టెక్కి, స్టాకరు చేతి మీదుగా కుప్పలో పడేది. ఓడ వచ్చినప్పుడు రీక్లెయిమరు బకెట్లతో తవ్వి మళ్ళీ బెల్టుకెత్తేది. చివరకు షిప్‌లోడరు హోల్డులో పోసేది. చెప్పడానికి నాలుగు మాటలే. వానాకాలంలో మెత్తని ఖనిజం బంకమట్టిలా చూట్లలో పేరుకుపోయినప్పుడు అర్ధరాత్రి గడ్డపలుగులతో దాన్ని కదిపినవారికి అడగండి! ఇనుప ఖనిజం బరువు వల్ల మరో చిక్కు. హోల్డు సగం నిండకముందే ఓడ మునగవలసినంత లోతు మునుగుతుంది. ఒకే హోల్డులో గబగబా పోస్తే ఓడ నడుము వంగుతుంది. అందుకని ఏ హోల్డులో ఎంత, ఏ వరుసలో పోయాలో, అదే సమయంలో బ్యాలస్టు నీరు ఎంత తోడాలో ముందే ఓడవారితో కాగితం రాసుకుని పోసేవారు.

అంతర్ రేవులో ప్రవేశ కాలువ ఇరుకు. పెద్ద ఓడలు రాలేకపోవడంతో బాహ్య రేవు కట్టి, 1976 నుంచి లక్ష టన్నుల పైబడిన ఓడలకు వేల టన్నులు గంటల్లో ఎక్కించడం మొదలైంది.

దీనికి చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. గంపల పని పోయింది, దాంతోపాటు గంపల కూలీ పోయింది. మెడ నొప్పులు తగ్గాయన్నది నిజమే, ఆ మెడలన్నిటికీ వేరే పని దొరికిందని మాత్రం నేను అనను. బెల్టు పక్కన పనిచేసిన వారికి లుంగీ, తువ్వాలు రోలరులో చిక్కుకుంటే ఏమవుతుందో తెలుసు. ఆ పొడవునా కట్టిన తాడు లాగితే బెల్టు ఆగుతుంది. ఆ తాడు విలువ దాన్ని లాగినవారికే తెలుసు. ఎర్రటి దుమ్ము, బొగ్గు దుమ్ము పాతనగరం ఇళ్ళమీద పడుతున్నాయన్న ఫిర్యాదు ఈనాటిది కాదు. నీళ్ళు చల్లే ఏర్పాట్లు పెట్టారు, ఫిర్యాదు పూర్తిగా పోలేదు.

2006లో ఎస్సార్ వారు కిరండూలు నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టం వేశారు. పొడి చేసిన ఖనిజం నీళ్ళలో కలిసి, వ్యాగనూ తిప్లరూ లేకుండా ఊరికి చేరింది. 2015లో బాహ్య రేవులోని ఖనిజ ప్లాంటు నిర్వహణ కూడా ప్రైవేటు చేతికి వెళ్ళింది. ఎవరి చేతిలో ఉన్నా అర్ధరాత్రి చూటులో పేరుకున్న ఖనిజం గడ్డపలుగుతోనే కదులుతుందని నా నమ్మకం.

1965కు ముందు గంపల కాలం చూసిన పెద్దలు మన సభ్యుల కుటుంబాలలో ఇంకా కొందరున్నారు. వారి నోట ముఠాల పేర్లు, మేస్త్రీల లెక్కలు, ఆ రోజుల కూలిరేట్లు విన్నవారు ఉంటే, ఒక కాగితం మీద రాసి మన సంఘ కార్యాలయంలో ఇవ్వవలసిందిగా మనవి. తేదీ గుర్తులేకపోయినా ఫరవాలేదు, పేరు రాస్తే చాలు.