ప్రేక్షాగృహము నుండి టూరింగు టాకీసు వఱకు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఊరి దేవాలయమును గూర్చియు, చెరువును గూర్చియు, గ్రంథాలయ స్థాపకులను గూర్చియు వ్రాయ సమర్థులైనవారు వేఱుగా నున్నారు. నేను సినిమాశాలలను గూర్చి వ్రాయదలచితిని. గ్రంథాలయ సంచికలో సినిమాశాల ప్రసక్తి యేల యని పెద్దలు కొందఱు నొసలు ముడువవచ్చును. కాని ఊరిలో పదిమందియు వచ్చి యొకే కప్పు క్రింద కూర్చుండు చోట్లు లెక్కింపగా మిక్కిలి కొలదిగా నున్నవి. అందు గ్రంథాలయ మొకటి, సినిమాశాల మఱొకటి. సినిమాలను గూర్చియు, నటులను గూర్చియు గ్రంథములు చాల వచ్చినవి. ఆ సినిమాను మనము కూర్చుండి చూచిన నేలను గూర్చి, దానిపై కప్పును గూర్చి వ్రాసినవారు తక్కువ. కొన్ని సినిమాశాలలు మనకంత ప్రియములేల యైనవో, కొన్ని యెంత వైభవముగా నున్నను ఏల మనసున నిలువవో చూతము.

భరతముని నాట్యశాస్త్రమున రెండవ యధ్యాయము ప్రేక్షాగృహ నిర్మాణమునకై యేర్పడినది. దీర్ఘచతురస్రము, సమచతురస్రము, త్రికోణము అని శాలలు మూడు విధములు. ఒక్కొక్కదానికి పెద్దది, నడిమిది, చిన్నది యని మూడు కొలతలు. అన్నింటిలో పెద్దది 108 హస్తములు, అది దేవతలకు. మనుష్యులకు 64 హస్తముల పొడవు, 32 హస్తముల వెడల్పు గలది తగినదని ముని నిర్ణయము. లెక్కలు వ్రాయు వృత్తిలో నున్నవాడను గనుక ఈ కొలతను మన కొలతలోనికి మార్చి చూచితిని. హస్తమనగా మూర, మూర అడుగున్నర. పొడవు 96 అడుగులు, వెడల్పు 48 అడుగులు. అందులో సగము రంగమునకును నేపథ్యమునకును పోగా, చూచువారికి మిగులునది 48 అడుగుల చదరము. ఇంతకు మించి కట్టవలదని చెప్పుటయే గాక ముని కారణమును గూడ చెప్పెను. శాల మఱీ పెద్దదైనచో పలికినమాట చెదరిపోవును. నటుని ముఖమందలి భావము వెనుకనున్నవానికి తెలియదు. ఆసనములు ఇటుకతోను కొయ్యతోను మెట్లుమెట్లుగా నుండవలెననియు, శాల కొండగుహవలె నుండి, చిన్న గవాక్షములతో, గాలి విసురు లేక, ధ్వని గంభీరముగా మ్రోగునట్లుండవలెననియు ఆ యధ్యాయముననే కలదు.

నేడు సినిమాశాల కట్టు ఇంజనీరు చెప్పునదియు ఇంచుమించుగా నిదియే. వెనుకవాని చూపునకు ముందువాని తల అడ్డు రాకుండ నేల వాలుగా నుండవలెను. బయటి వెలుగు, బయటి రొద లోనికి రారాదు. మాట గోడలకు తగిలి రెండుసార్లు వినబడరాదు. శాల సుఖములలో మొదటి మూడును ముని యెఱిగినవే.

ఐనను చలనచిత్రము పుట్టిననాడు దానికి సొంత యిల్లు లేదు. 1895 డిసెంబరు 28వ తేదీన పారిసు నగరమున లూమియేరు సోదరులు దానిని ప్రజలకు చూపినది యొక కాఫీహోటలు అడుగు అంతస్తులో. 1896 జూలై 7వ తేదీన బొంబాయిలో చూపినది వాట్సన్సు హోటలులో. చెన్నపట్టణమున నాటకములకును సభలకును నెలవైన విక్టోరియా పబ్లికు హాలు బొమ్మలకును తావిచ్చినది. తరువాత బొమ్మ గుడారమెక్కినది. తిరుచిరాపల్లిలో రైల్వే గుమాస్తాగా నుండిన స్వామికన్ను విన్సెంటు 1905లో ఒక ఫ్రెంచివానియొద్ద యంత్రమును కొని, డేరా వేసికొని ఊరూరు తిరుగనారంభించెను. దక్షిణదేశమున టూరింగు సినిమాకు మూలపురుషులలో ఆయన ముఖ్యుడు.

మన తెలుగువారిలో ఆ స్థానము రఘుపతి వెంకయ్యగారిది. ఆయన మచిలీపట్టణమున జన్మించి, చెన్నపట్టణమున ఫోటోగ్రాఫరుగా పేరు గాంచిరి. 1910లో బొమ్మతోపాటు శబ్దమును గూడ వినిపించు క్రోనో మెగాఫోను అను యంత్రమును విదేశమునుండి తెప్పించి, విక్టోరియా హాలులోను, పిమ్మట గుడారములోను ప్రదర్శించిరి. ఆ గుడారముతో సింహళమునకు, బర్మాకు గూడ వెళ్లివచ్చిరి. అంత తిరిగినవాడు 1914లో మౌంటురోడ్డున గెయిటీ యను శాశ్వతమైన సినిమాశాలను కట్టించెను. దక్షిణదేశమున భారతీయుని సొంతమైన తొలి సినిమాశాలలలో అదియు నొకటి. తరువాత క్రౌను, గ్లోబు అను శాలలు గూడ ఆయన కట్టించినవే. ఆయన కుమారుడు ప్రకాశుగారితో కలిసి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసినందున తెలుగు చలనచిత్ర పితామహుడని మనమాయనను కొనియాడుచున్నాము. 1980లో ఆయన పేర పురస్కారము గూడ నెలకొల్పబడినది. నామట్టునకు బొమ్మ తీసినదానికంటె ఇల్లు కట్టినదే గొప్పగా తోచును. బొమ్మ తీయుటకు కళ చాలును. బొమ్మలకు ఇల్లు కట్టుటకు, రేపును జనులు వత్తురను నమ్మకము కావలెను.

ఆ 1921వ సంవత్సరముననే బెజవాడలో పోతిన శ్రీనివాసరావుగారు మారుతి సినిమాశాలను కట్టించిరి. ఆంధ్రదేశమున తొలి శాశ్వత సినిమాశాల యని దానిని పేర్కొందురు. అప్పటికి బొమ్మకు మాట లేదు. హార్మోనియము, తబలా వాయించువారు తెరప్రక్కను కూర్చుండెడివారు. కథ తెలియనివారికి గొంతెత్తి చెప్పు వ్యాఖ్యాత యొకడుండెడివాడు. అనగా పురాణకాలక్షేపము ముగియలేదు. శాల మాత్రము మారినది. 1931లో తెలుగు పాటలు, మాటలు గూడ గల 'కాళిదాసు' చెన్నపట్టణమున కినిమా సెంట్రలు అను హాలులో ఆడినది. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చినది. సినిమాశాలలు టాకీసులైనవి.

ఇక కూర్చుండు వరుసను గూర్చి ఒక మాట చెప్పవలెను. నాకీ విషయమంతటిలోను మిక్కిలి రుచించినది యిదియే.

వీథినాటకమైనను, తోలుబొమ్మలాటయైనను, సురభివారి నాటకమైనను, ముందుచోటు మర్యాదగలచోటు. మునసబుగారికి, కరణముగారికి, మోతుబరులకు ముందు కుర్చీలు వేయుచుండిరి. పేదవాడు వెనుక నిలుచుండి, ముందువారి తలపాగల సందులనుండి చూడవలసినదే. సినిమా వచ్చి ఈ వరుసను తలక్రిందు చేసినది. తెరకు మిక్కిలి దగ్గఱ కూర్చున్నచో కన్ను నొచ్చును, మెడ పట్టును. కావున ముందుచోటు చౌక యైనది, వెనుకచోటు ప్రియమైనది. తెరముందు నేల, దాని వెనుక బెంచీ, దాని వెనుక కుర్చీ, అన్నిటికి పైన బాల్కనీ. ఆసామి వెనుకకు పోయెను, పాలేరు ముందునకు వచ్చెను. కృష్ణుడు తెరమీద నవ్వినపుడు ఆ నవ్వు అందఱికంటె పెద్దదిగా కనబడినది నేలటిక్కెట్టువానికే. భరతముని భయపడిన దూరపు దోషమును గూడ సినిమా తీర్చినది. నటుని ముఖమే పదియడుగులై ఎదుట నిలిచినపుడు భావము తెలియదను మాటకు తావెక్కడిది?

నాట్యవేదము అన్ని వర్ణములవారికిని చెందిన అయిదవ వేదమని మొదటి యధ్యాయమున చెప్పబడినది. రెండవ యధ్యాయమున నాలుగు వర్ణముల పేర నాలుగు స్తంభములు నిలుపవలెనని విధింపబడినది. సినిమాశాలకును నాలుగు తరగతులు గలవు గదా యని యెవరైన ననవచ్చును. గలవు. కాని తరగతి టిక్కెట్టుమీద నుండెను గాని వంశముమీద నుండలేదు. ఈ పూట నేలలో కూర్చున్నవాడు కోతలకూలి చేతబడగానే కుర్చీ కొనవచ్చును; కొన్నపుడు లేవుమనుట కెవరికిని హక్కు లేదు. గుడిలోను, బావికడను, హోటలులోను ఆ మాట చెల్లని కాలమున, అణాలు పుచ్చుకొను కిటికీ మొట్టమొదట ఆ మాట చెల్లించినది. సంఘసంస్కరణము చేయదలచి యెవడును హాలు కట్టలేదు, నిజమే. లాభమునకే కట్టిరి. ఊళ్లలో మోతుబరులకు ప్రత్యేకముగా సోఫాలు వేసిన చోట్లును లేకపోలేదు. ఐనను దీపములార్పిన తరువాత ఎవరు నవ్విరో, ఎవరు కన్నీరు తుడుచుకొనిరో ఎవరికిని కనబడదు.

టూరింగు టాకీసును చూడనివారు నేడు మనలో సగముమంది యుందురు. నా బాల్యమున, అనగా 1980 ప్రాంతమున, మన ప్రాంతమునం దవి యింకను నడుచుచుండెను. గుడారమో, తాటాకు పందిరియో, రేకుల కప్పో. లైసెన్సు కొన్ని నెలలకే యిత్తురు గనుక గడువు తీరినచో మఱొక ఊరు. మధ్యాహ్నము బండికి రంగుల పోస్టర్లు కట్టి, డప్పు వాయించుచు కరపత్రములు పంచుదురు. పిల్లలు బండి వెంట పరుగెత్తుదురు. సాయంకాలము మైకులో ఘంటసాలవారి వేంకటేశ్వరస్తుతి వినబడినచో ఆట మొదలు కానున్నదని పొలములోనివారికి గూడ తెలియును. ఆ రికార్డే ఊరికి గడియారము. లోపల నేలమీద ఇసుక. ఎవరి ఇసుకను వారు పోగుచేసికొని గద్దెగా మలచుకొనవలెను; భరతుడు చెప్పిన మెట్ల ఆసనమును ఎవరికి వారు కట్టుకొనుటయే యిది. ఒక్కటే ప్రొజెక్టరు గనుక రీలు మార్చునప్పుడెల్ల దీపములు వెలుగును. ఒక ఆటకు మూడు నాలుగు విశ్రాంతులు. గోలీసోడా, వేయించిన వేరుశనగకాయలు, జంతికలు. జరిగిన కథను గూర్చి వాదము, జరుగబోవు కథను గూర్చి పందెము. ఆ విరామములు యంత్రలోపమువలన వచ్చినవే కాని, చూచినదానిని నలుగురితో నెమరువేయుట కవకాశ మిచ్చినవి.

యంత్రపుగది సంగతి గూడ కొంచెము చెప్పవలెను. పాత ఫిల్ము నైట్రేటుతో చేయబడినది. నిప్పు తగిలినచో ఆర్పుట కష్టము. 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము హాళ్లకు లైసెన్సు పెట్టుటకు ఈ భయ మొక ముఖ్యకారణము. 1950 ప్రాంతమునకు అంత సులభముగా అంటుకొనని ఫిల్ము వచ్చినది. దీపమునకు రెండు కార్బను కడ్డీలు. వాని కొనల నడుమ విద్యుత్తు మండి వెలుగునిచ్చును. కడ్డీలు కాలి కురుచయగు కొలది ఆపరేటరు వానిని దగ్గఱకు జరుపుచుండవలెను. అతడు కునికినచో తెరమీద పగలు సాయంకాలమగును, నేలనుండి ఈలలు లేచును.

స్త్రీలకు చాలచోట్ల ఒక ప్రక్క వేఱుగా చోటుండెను. నడుమ తెరయో, పొట్టిగోడయో. దానిని చిన్నచూపుగా తలపవచ్చును గాని, గుడికి, తిరునాళ్లకు తప్ప గడప దాటని యిల్లాండ్రు తమలో తాము కూర్చుండి బిగ్గఱగా నవ్వుటకును, ఏడ్చుటకును ఆ చోటు దొరకినది. 1963లో 'లవకుశ' విడుదలైనపుడు పల్లెలనుండి బండ్లు కట్టుకొని, చంటిపిల్లలతో, సద్దిమూటలతో పట్టణముల హాళ్లకు పోయిన సంగతి నేటికిని ముసలివారు చెప్పుకొందురు.

పట్టణములలో హాళ్లు పెరిగినవి. విశాఖపట్టణమున 1970లో వెలసిన జగదాంబ హాలు పేరే అచ్చటి కూడలికి పేరైనది. హైదరాబాదున 2003లో తెరచిన ప్రసాద్సు ఐమాక్సు తెర వెడల్పు నాడు 95 అడుగులుండెను. అనగా ఇంచుమించు భరతముని శాల మొత్తము పొడవంత. 2019లో సూళ్లూరుపేటవద్ద వెలసిన వి ఎపిక్కు తెర నూఱడుగులు మించినది. చల్లనిగాలి, మెత్తని ఆసనము, నలుదిక్కుల నుండి శబ్దము. వీనిని నేను తక్కువ చేయను. వేసవిలో నాకును చల్లనిగాలియే యిష్టము. ఐతే వాని వరుస వేఱు. తరగతులు తగ్గినవనుట నిజమే. నేలతరగతి తీసివేయుటచేత తగ్గినవి.

పల్లె హాలు ఏల మూతబడినదో అందఱికిని తెలిసినదే. 1977లో హైదరాబాదు దూరదర్శను, 1987లో ఆదివారపు ఉదయములను ఆక్రమించిన రామాయణము, 1995లో ఈటీవీ, జెమినీ. ఆపై చేతిలోని ఫోను. రీళ్లు పోయి డిజిటలు యంత్రములు రాగా, దానికి పెట్టుబడి పెట్టలేనివారు తలుపులు వేసిరి. 2020 మార్చిలో కరోనా వచ్చి తెరచినవానిని గూడ మూయించినది. 2021 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము టిక్కెట్టు ధరలను నిర్ణయించుచు, గ్రామ పంచాయతీలలోని సాధారణ శాలలకు 5 రూపాయల తరగతిని గూడ పెట్టినది. 2022 మార్చిలో ఆ ధరలు సవరింపబడినవి. అంతకు మునుపే చాల హాళ్లు కల్యాణమండపములుగను, గోదాములుగను మారియుండెను.

మన ఊరి హాలును అట్టిదే. ఇంటిపన్ను లెక్కకై దానిని నేను కొలిపించితిని. లోపలి పొడవు 90 అడుగులు, వెడల్పు 45 అడుగులు. భరతముని మధ్యమశాలకు ఆఱు అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు తక్కువ. కట్టించినవారు నాట్యశాస్త్రమును చదివియుండరు. ఇప్పుడందు ధాన్యపు బస్తాలున్నవి. నేల వాలుగా నున్నందున పైవరుస బస్తాలు తెరగోడ వైపునకు జారునని, హమాలీలు అడుగున కొయ్యదుంగలు అడ్డుపెట్టి నిట్టు కట్టుచున్నారు. వెనుకగోడ పైభాగమున ప్రొజెక్టరు వెలుగు వచ్చిన రెండు చదరపు రంధ్రములు ఇంకను మూయలేదు. గాలికి మంచివని వానిని అట్లే యుంచినారు.