రక్తపింజరి విషం – రక్తం గడ్డకట్టడం

ఉమ్మడి ప్రకాశం జిల్లా కురిచేడు, మార్కాపురం, గిద్దలూరు చేలల్లో రైతులు భయపడే పాము రక్తపింజరి. కాటుకు గురైనవారి రక్తం మొదట అతిగా గడ్డకడుతుంది, తరవాత అసలు గడ్డకట్టదు. ఈ వైరుధ్యమే దాని విషానికి ప్రధాన లక్షణం.

విషంలోని ఎంజైములు గడ్డకట్టే ప్రక్రియలోని పదో కారకాన్నీ, ఐదో కారకాన్నీ నేరుగా ఉత్తేజపరుస్తాయి. రక్తనాళాల్లో సూక్ష్మమైన గడ్డలు ఏర్పడి, గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఖర్చయిపోతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. చిగుళ్ల నుంచి, కాటు గాయం నుంచి నెత్తురు కారుతూనే ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతినడం మరో పెద్ద ముప్పు.

కొన్ని బాక్టీరియాలూ ఇలాంటి దారే తొక్కుతాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్ విడుదల చేసే కోయాగ్యులేజ్, గడ్డకట్టే ప్రక్రియలోని ప్రోథ్రాంబిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, దాన్ని తెంచకుండానే చైతన్యపరుస్తుంది. అదే సూక్ష్మజీవి ఆల్ఫా టాక్సిన్ ప్లేట్‌లెట్ల పొరకు రంధ్రాలు పొడుస్తుంది.

పాము విషం రక్తం గడ్డకట్టడాన్ని దెబ్బతీసిందో లేదో నిర్ధారించడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తాజా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపై వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే పలు పాముల విషాలకు పనిచేసే పాలీవాలెంట్ విషవిరుగుడు ఇవ్వాలి. నాటుమందు, కట్టు, కోత వల్ల విలువైన సమయం పోతుంది.

ఈ పాముకు తెలుగునాటితో పాత బంధముంది. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1796 నాటి గ్రంథంలో దీన్ని ‘కాటుక రేకుల పొడ’ అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. శాస్త్రీయ నామంలో అతని పేరే నిలిచింది: డబోయా రస్సెలీ.